ఊరికే పడున్న తీగ

తీగ తెంపిన ప్రతివాడూ ఒకటే మాట అంటాడు. "ఊరికే పడుంది కదా!" ఈ మాట నేను రెండు యుద్ధాల్లో విన్నాను. యూనివర్సిటీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ విన్నాను. పోయిన ఆగస్టు పదిహేనున తార్నాకలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మెడలో దండా భుజాన శాలువా వేసుకుని మరీ విన్నాను. ఆ చివరిసారి తెంపిన తీగకు అవతలి కొసన నా భార్య ఉంది. ఆగిపోయిన లిఫ్టులో, చీకట్లో, ఆయాసంతో. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. అది తగ్గేలా లేదు కాబట్టి రాసేస్తున్నాను.

నేను సిపాయిగా చేరి సుబేదారుగా దిగినవాణ్ణి. కానీ జనం ఊహించుకునే రకం సిపాయిని కాదు. కడప జిల్లాలో నీళ్ళు లేని ఊరు మాది. మీసం సరిగా రాకముందే పట్టాళంలో చేరితే నన్ను సిగ్నల్స్‌లో లైన్‌మన్‌గా వేశారు. తుపాకి ఇచ్చారు గానీ నేను మోసింది ఎక్కువగా తీగ చుట్టిన డ్రమ్ము. నడుముకి కటింగ్ ప్లేయరు, మెడలో పరీక్ష ఫోను. వెనకున్న హెడ్‌క్వార్టర్ నుంచి ముందున్న పోస్టు దాకా తీగ పరచడం, అది తెగితే వెతికి అతకడం, అదీ నా యుద్ధం. "ఎంతమందిని లేపేశారు సార్?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఒక్కణ్ణీ చంపలేదంటే ముఖాలు వాడిపోతాయి. మర్యాదకి టీ పూర్తిగా తాగి లేచిపోతారు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. తీగ తెగిందని తెలిశాక కూడా రెండు కొసల్లో ఉన్నవాళ్ళు ఫోను దించకూడదు. "హలో, హలో, వినపడుతోందా?" అని ఆపకుండా మాట్లాడుతూనే ఉండాలి. ఎందుకంటే లైన్‌మన్ తీగ పట్టుకుని నడుస్తూ అక్కడక్కడా తన ఫోను తగిలించి వింటాడు. ఏ వైపు నుంచి గొంతు వినిపిస్తే ఆ వైపు తీగ బాగున్నట్టు, వినపడని వైపు తెగినట్టు. నువ్వు నోరు మూసుకుంటే వాడికి దారి తెలియదు. తూటాల మధ్య, పొగమంచులో, వాడికి మన గొంతే దారి. మూగ ఫోనులో మాట్లాడటం పిచ్చిపనిలా ఉంటుంది. అయినా మాట్లాడాల్సిందే.

డెబ్భై ఒకటి యుద్ధంలో ఒకరోజు తెల్లవారుతుండగా ముందు పోస్టుకి లైను పోయింది. పంజాబు చెరకు తోటల్లో మా మకాం. ముందున్నవాళ్ళకి ఫిరంగుల సాయం కావాలంటే ఆ తీగ ఒక్కటే ఆధారం. తీగ అతకడానికి నా జతగాడు బయలుదేరాడు. వాడు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కార్మికుడి కొడుకు. పట్టాళం మొత్తంలో నాతో తెలుగు మాట్లాడేవాడు వాడొక్కడే. నా మాట విని వాడు నవ్వేవాడు, వాడి మాట విని నేను నవ్వేవాణ్ణి. "నువ్వు ఫోన్ మీద కూసో. నోరు మాత్రం మూయకు," అని డ్రమ్ము భుజానికెత్తుకుని మంచులోకి పోయాడు.

నేను మాట్లాడుతూ కూర్చున్నాను. హలో అన్నాను, అంకెలు చదివాను, మా ఊరి బస్సు ఏయే ఊళ్ళలో ఆగుతుందో చెప్పాను. బయట గుండ్లు పడుతున్నాయి. గొంతు ఎండిపోయాక ఫోనులో చిటచిటమని చప్పుడైంది. వాడి గొంతు వచ్చింది.

"ఇనవడ్తుందా?"

"వినపడతాంది!" అని అరిచాను. నా మాట పూర్తయ్యిందో లేదో, చెవి పగిలేంత పేలుడు. తరవాత వాడు మాట్లాడలేదు. తీగ మాత్రం తెగలేదు. దానిమీద ఆ పగలంతా ఆజ్ఞలు వెళ్ళాయి, ఫిరంగులు పలికాయి, పోస్టు నిలబడింది. వాడు నా జవాబు విన్నాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

మర్నాడు ఆ తీగ వెంట నేను నడిచాను. గుండు పడి తెగిన తీగ ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొసలు కాలి, విచ్చుకుని, చీపురులా ఉంటాయి. ఇక్కడ అలా లేవు. వాడు కొత్త తీగ వేసి అతికిన రెండు చోట్లా పాత కొసలు నున్నగా ఉన్నాయి. ప్లేయరుతో కోసినట్టు, కావాలని కొలిచి కోసినట్టు. మధ్యలో నాలుగు బారల ముక్క మాయమైంది. అది సాయంత్రానికి దొరికింది. మా హెడ్‌క్వార్టర్ లారీలో ఒక పెద్దమనిషి పరుపు చుట్టను ఆ తీగతోనే గట్టిగా బిగించి కట్టారు. కట్టిన డ్రైవరుని గల్లా పట్టుకుంటే వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఊరికే పడుందిగా యార్," అన్నాడు హిందీలో.

శత్రువు చంపితే ఏడ్చి ఊరుకునేవాణ్ణేమో. పరుపు చుట్ట చంపింది వాణ్ణి. పైవాళ్ళేమో శత్రువు గుండు తీగను తెంపిందన్నారు, అలాగే చాటారు, అందరూ టోపీలు తీశారు. నేనేమో చిన్న సిపాయిని, నోరు తెరిస్తే వినేవాడు లేడు. ఆ డ్రైవరు కూడా తరవాత నాతో కలిసి వరసలో నిలబడి రొట్టె తిన్నాడు, ఏమీ జరగనట్టే.

కార్గిల్ నాటికి నేను సుబేదారుని. లైన్ పార్టీకి పెద్దని. ఆ కొండల్లో ఒక కుర్ర జవాను తడి మేజోళ్ళు ఆరేసుకోవడానికి తీగ ముక్క కోశాడు. నేను వాడికి డ్రమ్ము ఎత్తి కొండ ఎక్కించాను. తరవాత ఒక మూగ ఫోను ముందు కూర్చోబెట్టి పొద్దు గూకేదాకా హలో అనిపించాను. నన్ను రాక్షసుడన్నారు. అననీ. ఆ యుద్ధానికి టీవీవాళ్ళు కూడా వచ్చారు. మా తీగల గుట్ట ముందు నిలబడి మాట్లాడుతున్న ఒకాయన నావైపు చెయ్యి ఊపి, కాస్త పక్కకు జరగమన్నాడు. నా వల్లా నా తీగల వల్లా వెనకాల కొండ సరిగ్గా కనబడటం లేదట. జరిగాను. రెండు యుద్ధాలు చేసినవాణ్ణి, కొండకి అడ్డం వస్తానా!

పట్టాళం నుంచి దిగాక ఇక్కడ యూనివర్సిటీ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం దొరికింది. సొంతూరికి పోకుండా తార్నాకలో ఇల్లు వెతుక్కోవడానికి ఒక కారణం ఉద్యోగం, రెండో కారణం లాలాగూడ దగ్గర కావడం. నా జతగాడి తల్లి అప్పటికింకా బతికే ఉంది. పండు ముసలి. ఎప్పుడు వెళ్ళినా ఒకటే అడిగేది.

"ఆఖరికి ఏమన్నడు బిడ్డా?"

"ఇనవడ్తుందా అన్నాడమ్మా."

"మరి నువ్వేమన్నవ్?"

"వినపడతాంది అన్నాను."

ఆమె తల ఊపి, టీ పెట్టమని కోడలికి చెప్పేది. పరుపు చుట్ట సంగతి ఆమెకు చెప్పలేదు. ఆ మంట నాకొక్కడికే చాలనుకున్నాను.

యూనివర్సిటీ చదువుకున్నవాళ్ళ చోటు కదా, ఇక్కడైనా తీగకు విలువ ఉంటుందనుకోవడం నా వెర్రి. ఆ చెట్ల కింద ఎప్పుడూ ఏదో ఒక సభ. సభ అంటే బ్యానరు. బ్యానరు అంటే కట్టడానికి తాడు. తాడు కొనే ఓపిక ఎవరికుంది? నెత్తిమీద నా తీగ వేలాడుతోంది కదా! ఒక సదస్సు రోజు హెల్త్ సెంటరుకి వెళ్ళే లైను అలాగే పోయింది. అదే పూట ఒక హాస్టల్ మెస్సులో వంటమనిషి కాళ్ళమీద కుతకుతలాడే గంజి ఒలికింది. వార్డెను ఫోను తిప్పుతూనే ఉన్నాడు. అటు నుంచి పలుకు లేదు. చివరికి వంటవాణ్ణి ఆటోలో కుక్కి తీసుకెళ్ళారు. బతికాడు. ఆ తరవాత ఎప్పుడూ కాలు ఈడుస్తూనే నడిచాడు.

నేను నిప్పులు కక్కుతూ సదస్సు హాలుకి వెళితే, బ్యానరు కట్టిన విద్యార్థి నిదానంగా అన్నాడు. "ఖాళీగ వేలాడుతున్నది గద సార్. గంత ముక్కకే ఏమైతదని?"

ఆ సదస్సు పెట్టిన ప్రొఫెసరుగారు నవ్వి నా భుజం తట్టారు. "ఇది మిలిటరీ కాదు సుబేదార్ గారూ, కాస్త చల్లబడండి," అన్నారు. చల్లబడండి! కాళ్ళు కాలినవాడితో అనాల్సిన మాట నాతో అన్నారు. ఆ రోజు నుంచి పిల్లలు నాకు 'హలో తాత' అని పేరు పెట్టారు. నేను స్తంభాల వెంబడి తీగ చూసుకుంటూ పోతుంటే వెనక నుంచి హలో హలో అని అరిచేవాళ్ళు. నేను రిటైరయ్యేసరికి అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. ఎక్స్‌ఛేంజి గదికి తాళం పడింది. నా తీగలు కొన్ని ఇంకా ఆ చెట్లమీద వేలాడుతూనే ఉన్నాయి. ఇప్పుడు నిజంగానే ఊరికే పడున్నాయి. ఇప్పుడు కోసుకోండిరా నాయనా, ఎవరు వద్దన్నారు?

నా బతుకులో మిగిలిన ఆఖరి తీగ మా అపార్ట్‌మెంట్ లిఫ్టుది. పాత లిఫ్టు. కరెంటు పోతే రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. అలారం ఎప్పుడో చచ్చింది. లోపల సెల్‌ఫోను పలకదు. లిఫ్టులోంచి వాచ్‌మన్ గదికి ఒక ఫోను పెడదామని అసోసియేషన్ మీటింగులో అన్నాను. మా సెక్రటరీది గుంటూరు వైపు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. "ఈ రోజుల్లో వైర్లేంటండీ బాబూ, మీరు మరీనూ!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. పట్టు వదలకుండా నేనే రెండు పాత ఫోన్లు తెచ్చి, సెల్లార్ కప్పు వెంబడి తెల్ల తీగ లాగి బిగించాను. అతుకుల దగ్గర నల్ల టేపు, నా పద్ధతిలో, ఏటవాలుగా చుట్టాను.

ప్రతి ఆదివారం దాన్ని పరీక్షించేవాళ్ళం. నా భార్య లిఫ్టులో, నేను వాచ్‌మన్ గదిలో. "వినపడతాందా?" అని ఆమె, "వినపడతాంది" అని నేను. పిల్లలు చూసి కిసకిసమనేవాళ్ళు. మా కట్టుబాటు గురించి ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. "తెగిపోయిందని తెలిసి గూడా మాట్లాడతా కూసుంటే పిచ్చోళ్ళనుకోరా?" అని అప్పట్లో అడిగింది. అవతల ఒకడు అతుకుతూ ఉంటాడు, వాడికి మన గొంతు కావాలి అన్నాను. సరేలే అంది. ఆ మాట ఇన్నేళ్ళు మనసులో పెట్టుకుంటుందని నేననుకోలేదు.

ఇక ఆగస్టు పదిహేను. నాకు సన్మానం చేస్తామని సెక్రటరీ పది రోజుల ముందు నుంచీ వెంటపడ్డాడు. వద్దంటే వినడే! ఆ పొద్దున సెల్లార్‌లోకి దిగేసరికి గోడంత బ్యానరు. దానిమీద విమానాలు, ట్యాంకులు, బొమ్మలో నాకు లేని కోరమీసం, కింద 'మేజర్' అని రాసి ఉంది.

"నేను మేజర్ని కాదు, సుబేదారుని," అన్నాను.

"సుబేదారంటే మనవాళ్ళకి తెలవదండీ. మేజరంటే నిండుగా ఉంటది," అన్నాడు సెక్రటరీ. ఒళ్ళు మండింది. పండగపూట ఎందుకని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

జెండా ఎగిరింది. దండ పడింది. శాలువా పడింది. అప్పుడు సెక్రటరీ నా చొక్కా వైపు చూసి, "మెడల్స్ ఏవండీ? అవి లేకపోతే ఫోటో ఏం బాగుంటది?" అన్నాడు. నేను పెట్టుకోనన్నాను. ఆయన ఊరుకోకుండా నా భార్యకేసి తిరిగి, "అమ్మా, మీరన్నా పోయి తెండమ్మా," అని బతిమాలాడు. ఆమె లేచి లిఫ్టెక్కింది. మెట్లెక్కలేదు, ఆమెకు ఆయాసం.

సెక్రటరీ మైకు అందుకున్నాడు. దేశం, త్యాగం, రక్తం అంటూ దంచుతున్నాడు. మధ్యలో కరెంటు పోయింది. మైకుకి ఏ లోటూ రాలేదు, ఎందుకంటే ఆరోజు జనరేటర్ని మైకుసెట్టుకే తగిలించారట. ఆయన గొంతు సెల్లారంతా మోగుతూనే ఉంది. నేను నా భార్య కుర్చీ వైపు చూశాను. ఖాళీగా ఉంది. లిఫ్టు వైపు చూశాను. పైన దీపం ఆరిపోయింది. ఫోను చేస్తుందిలే అనుకుంటూ తల తిప్పితే బ్యానరు కొస కంటపడింది. దాన్ని గొట్టానికి బిగించి కట్టింది తెల్ల తీగతో. ఆ తీగ మీద నల్ల టేపు, ఏటవాలుగా చుట్టి ఉంది.

అది నా అతుకు.

ఎలా లేచానో తెలియదు. వాచ్‌మన్ గదిలోకి పోయి ఫోను ఎత్తితే రాయిలా ఉంది. గది తలుపు మీద తీగ కొస వేలాడుతోంది, నున్నగా. పంజాబులో చూసిన కొసే మళ్ళీ చూశాను. లడ్డూలు పంచుతున్న వాచ్‌మన్‌ని పట్టుకుని అడిగితే బిక్కమొహం వేశాడు. "సెక్రటరీ సార్ కోయమన్నడు సార్. తాడు సాలలేదు," అన్నాడు. వాడి చేతిలో పళ్ళెం లాగి అవతల పెట్టి, వాణ్ణి ముందు తోలుకుని మెట్లమీద పరుగెత్తాను. నాకు డెబ్భై దాటాయి. అయినా డాబా మీది లిఫ్టు గది దాకా ఎక్కాను. వాచ్‌మన్ అక్కడ లిఫ్టుని మెల్లగా దించే చేతి చక్రం తిప్పుతుంటే నేను అంతస్తు అంతస్తుకీ దిగుతూ తలుపులు బాదాను. పిలిస్తే పలకడం లేదు. కింది నుంచి మైకు మోత, చప్పట్లు. నా సన్మానానికే ఆ చప్పట్లు. అంత అసహ్యం నాకు ఏ శత్రువు మీదా కలగలేదు.

మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. నా భార్య నేలమీద కూర్చుని ఉంది. ఒళ్ళో మెడల్స్ డబ్బా. చెవి దగ్గర ఫోను. కళ్ళు మూసుకుని, పిల్లికూతలు పెడుతున్న ఊపిరితో, ఆగి ఆగి ఫోనులో ఏదో చెబుతోంది. బియ్యం డబ్బా మీద మూత పెట్టలేదనో, పాలవాడు రేపు రాడనో. పిలిస్తే పలకలేదెందుకో అప్పుడు అర్థమైంది. ఆమె గొంతు పైకి రావడం లేదు. ఆ ఉన్న కాస్త గొంతూ ఫోనుకే ఇచ్చేసింది.

"పలకదని తెలియలేదా? ఎందుకే ఆయాసపడతా మాట్లాడినావు?" అని కసిరాను. కసిరానంటే, ఏడుపు అలా బయటికొచ్చింది.

"మీరే గదా చెప్పింది," అంది. "తెగితే మాట్లాడేది నిలపగూడదని. మీరు అతకతా ఉంటారనుకున్న్యా."

మందు పీల్పించి, గాలి ఆడే చోట కూర్చోబెట్టాను. అప్పటికి సెక్రటరీ, జనం మెట్లెక్కి వచ్చారు. ఆయన ముఖం పాలిపోయింది, కాదనను. కానీ నోరు తెరిచి ఏమన్నాడు? "అయ్యయ్యో, ఎంత పనైంది! అది ఊరికే పడుంది కదండీ, ఎవరూ వాడట్లేదనుకున్నాం..."

నేను తిట్టలేదు. తిడితే తేలిపోతుంది. శాలువా తీసి ఆయన చేతిలో పెట్టాను. నా భార్యని మెల్లగా కిందికి దింపి వాచ్‌మన్ గదిలో స్టూలు మీద కూర్చోబెట్టాను. బ్యానరు దగ్గరికి పోయి నా తీగ నేను విప్పుకున్నాను. మేజరుగారు విమానాలతో సహా కిందపడ్డాడు. ఎవరో ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామన్నారు. నేనే కుర్చీ ఎక్కి తీగ అతికాను. అతుకు బాగానే పడింది. ఈలోపు కరెంటు వచ్చింది.

"పరీక్షించాలి. ఎక్కండి," అన్నాను సెక్రటరీతో. అంతమందీ చూస్తున్నారు, ఎక్కక ఏం చేస్తాడు? తలుపు మూసుకుంది. లిఫ్టు కదిలి ఒక అంతస్తు దాటబోతుండగా నేను మెయిన్ స్విచ్చి కిందికి లాగాను.

వాచ్‌మన్ గదిలోకి వచ్చి ఫోను ఎత్తాను. గొంతు స్పష్టంగా వస్తోంది. "హలో... సార్, ఆగిపోయిందండీ. వినపడుతోందాండీ?" నేను పలకలేదు. "హలో! ఎవరన్నా ఉన్నారా? చీకటిగా ఉందండీ..." పలకలేదు. పరుపు చుట్ట, మేజోళ్ళు, గంజి ఒలికిన కాళ్ళు, అన్నీ కలిపి నా దవడలు బిగుసుకున్నాయి. అరవనీ. అర్థమయ్యేదాకా అరవనీ అనుకున్నాను. "సార్... వినపడుతోందా?" ఆయన గొంతు సన్నబడిపోయింది.

నా భార్య స్టూలు మీద నుంచి నన్నే చూస్తోంది. లేచి వచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఫోను తీసుకుంది. ఇంకా సరిగా రాని ఆ గొంతుతోనే చెప్పింది.

"వినపడతాందయ్యా. మాట్లాడతానే ఉండు."